జనరేటర్ ఆపిన రాత్రి

ఛత్రపురంలో మీటింగు.
తెరమీద పదిహేడు రంగుల చక్రం తిరిగింది.
ఆఫీసరు ఒడియాలో చెప్పాడు, మధ్యమధ్య ఇంగ్లీషులో చెప్పాడు,
లోకమంతా ఒప్పుకున్న లెక్క అన్నాడు.
మా కులపెద్ద సూరాడ దానేసు
నా మోచెయ్యి పొడిచి అడిగాడు:
"ఏటంతన్నాడ్రా?"

నేను చదివింది ఒడియా బడి.
తెలుగు నాకు నోట్లోనే ఉంది, చేతిలో లేదు.
సంఘం పుస్తకంలో తెలుగు మాటల్ని
నెత్తిన గొడుగులున్న ఒడియా అక్షరాల్లో రాస్తాను.
ఆ పెద్ద మాటకి నా దగ్గర మాట లేదు.
వెతికి వెతికి "మిగల్చమంతన్నాడు మావా" అన్నాను.
"ఎవులికి?"
"తరవాతోళ్ళకి."
ఆయన నవ్వలేదు. చెవిమీద చుట్ట సర్దుకుని
"మరా మాటకి అన్ని రంగులెందుకు" అన్నాడు.

భోజనం పొట్లాలు బావున్నాయి. గుడ్డు కూడా పెట్టారు.

నిజం చెప్పాలి, ఆయనంటే నాకు పడేది కాదు.
కార్తీకం నుంచి వైశాఖం దాకా
ఋషికుల్య మొగ దగ్గర వల వెయ్యొద్దని
సర్కారు చెప్తే సగం ఊరు వినలేదు,
ఆయన చెప్తే విన్నాం, తిట్టుకుంటూ.
పరిహారం బియ్యం ఆలస్యంగా వచ్చాయి, పురుగుల్తో వచ్చాయి.
ఒక అమాస రాత్రి నేను దొంగతనంగా పడవ దింపితే
ఐదొందలు తప్పు వేశాడు.
నా తప్పుని నా పుస్తకంలో నా చేతే రాయించాడు.
రాశాక పైకి చదవమన్నాడు. చదివాను.

ఆ వైశాఖంలోనే ఆయన మనవరాలు దమయంతి పెళ్ళి.
ఇచ్ఛాపురం నుంచి మగపెళ్ళివారు రెండు లారీల్లో దిగారు.
తాటాకు పందిరికి సీరియల్ బల్బులు,
డీజే పెట్టెలు, వెనక జనరేటరు
దున్నపోతులా బుసకొడుతోంది.
ఒడ్డు కాపలా గుంటడు లోకనాథం పరిగెత్తుకొచ్చాడు.
"తాతా, ఇసక ఉడుకుతున్నాది!"

గుడ్లు పగిలాయని అర్థం.
అరచేతిలో సగం లేని తాబేలు పిల్లలు
వేలకి వేలు పైకొచ్చి
వెలుగున్నవైపే సముద్రం అనుకుంటాయి.
ఆ రాత్రి సముద్రం కంటే మా పందిరే మెరుస్తోంది.
అవి పెళ్ళికి బయల్దేరాయి,
కుక్కలున్న దారంట.

దానేసు ఎవర్నీ అడగలేదు.
వెళ్ళి జనరేటరు ఆపేశాడు.

చీకట్లోంచి పెళ్ళికొడుకు మేనమామ అరిచాడు:
"పిల్లనిచ్చేది సీకట్లోనేటి? అంత లోకువా మేం?"
ఒకడు లారీ ఎక్కేశాడు.
దానేసు తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు.
"నలభైయేళ్ళు ఊరోళ్ళకి తప్పులేసినాను బాబూ.
ఈయేల నా ఇంట దీపం ఎలిగితే
రేపు ఎవులికి తప్పెయ్యగల్ను?"

అందరూ కరిగిపోయారని రాస్తే అబద్ధం.
మేనమామ తెల్లారేదాకా మాట్లాడలేదు.
ముందు లేచింది దమయంతే.
తలంబ్రాలు ఇంకో గిన్నెలోకి ఒంపేసి
పళ్ళెం పట్టుకుని ఇసకలోకి నడిచింది.
వెనకాల ఆడాళ్ళు చేపల తట్టల్తో,
పిల్లకాయలు వడ్డన బకెట్లతో.
తప్పు కట్టిన నేను కూడా
కొత్త చొక్కా విప్పి ఒడిలా పట్టాను.
అన్నేసి కాళ్ళు పొట్టమీద గీరుతుంటే
నాకు నవ్వాగలేదు.
ముహూర్తం దాటింది.
పంతులు టార్చిలైటు అడిగాడు, ఎవరూ ఇవ్వలేదు.

మరుసటేడు పేపరువాళ్ళొచ్చారు, ఆఫీసరొచ్చాడు,
చక్రమున్న బ్యానరు ఒడ్డున కట్టారు.
ఆ యేడు తాబేళ్ళు రాలేదు.
ఎందుకో ఎవరికీ తెలీదు.
గాలి బ్యానరుని రెండుగా చింపింది.

కెమెరాలు వెళ్ళిపోయాక, పొద్దుగూకుతుంటే
దానేసు వీధి వెంట నడిచాడు.
ప్రతి గడప ముందూ ఆగి
"బల్బు" అన్నాడు, అంతే.
"ఏవీ రాలేదు కదా మావా!"
"రావడం ఆటి పని."

పుస్తకంలో ఆ తేదీ కింద రాశాను,
గొడుగు అక్షరాల్లో:
దీపాలు ఆర్పాము. రెండువందల పన్నెండు ఇళ్ళు.
మా ఇంటిది కొంచెం ఆలస్యంగా.